గీత ఎక్కడ ఉంది? రైఫిల్ స్కోపులో రెటికిల్ కథ

ఈ వారం ఎపిసోడ్ ఒక ప్రేక్షకుడి ప్రశ్నతో మొదలవుతుంది. ఆయన డల్లాస్‌లో ఉంటారు, మనవాళ్ళే. వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కి వెళ్ళడం ఆయనకి అలవాటు. ఆయన రాసింది క్లుప్తంగా చెప్తాను. "అన్నగారూ, నా స్కోపు 4 నుంచి 16 రెట్ల దాకా జూమ్ అవుతుంది. 16 మీద పెట్టి, రెండో గీత ఆధారంగా 400 గజాల్లో కొడితే మధ్యలో తగులుతోంది. 8 మీద పెట్టి అదే గీతతో కొడితే గుండు టార్గెట్ పైనుంచి పోతోంది. కొట్టువాడు బిగింపు లూజు అయ్యుంటుందన్నాడు. బిగించాను. అయినా అంతే. మీరు చరిత్ర చెప్తారు కదా, దీనికేమైనా చరిత్ర ఉందా?"

ఉందండీ. దాదాపు 380 ఏళ్ళ చరిత్ర ఉంది. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆయన స్కోపు పాడవలేదు, బిగింపు కూడా లూజు కాలేదు. ఆ స్కోపులో గీత ఎక్కడ పెట్టారో ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే. ఈరోజు కథంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: గీత ఎక్కడ ఉంది?

నేను తుపాకులవాణ్ణి కాదు. నాకీ గీతతో పరిచయం సర్వేలో అయింది. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివేటప్పుడు డంపీ లెవెల్ ప్రాక్టికల్ ఉండేది. మూడు కాళ్ళ స్టాండ్ మీద దుర్భిణి, దూరంగా స్టాఫ్ పట్టుకుని ఒక స్నేహితుడు, దుర్భిణిలో అడ్డగీత, నిలువుగీత. అడ్డగీత స్టాఫ్ మీద ఏ అంకె దగ్గర ఉందో రాసుకోవాలి. నేను పొద్దుణ్ణుంచి మధ్యాహ్నం దాకా చకచకా రాసుకుంటూ పోయాను. బయలుదేరిన చోటికి తిరిగొచ్చి లెక్క కడితే సరిపోలేదు. ఒకే చోటు, రెండు ఎత్తులు!

మా సార్ వచ్చారు. లెక్కల పుస్తకం చూడను కూడా లేదు. "దుర్భిణిలో కన్ను పెట్టు. ఇప్పుడు తల కొంచెం పైకీ కిందకీ ఊపు" అన్నారు. ఊపాను. గీత స్టాఫ్ మీద పైకీ కిందకీ నడుస్తోంది! దీన్నే ప్యారలాక్స్ అంటారు. బొమ్మ ఒక చోట ఏర్పడుతోంది, గీత ఇంకో చోట ఉంది. రెండూ ఒకే తలం మీద లేవు కాబట్టి కన్ను కదిలితే గీత కదులుతోంది. సార్ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "గీత ఎక్కడుందో చూసుకోకుండా గీతని నమ్మకురా."

ఇక అసలు కథలోకి వెళ్దాం.

దుర్భిణిలోకి గీత ఎలా వచ్చింది? గెలీలియో 1609, 1610 ప్రాంతంలో ఆకాశం వైపు తిప్పిన దుర్భిణిలో ముందు కుంభాకార కటకం, కంటి దగ్గర పుటాకార కటకం ఉండేవి. బొమ్మ నిటారుగానే కనిపిస్తుంది, బాగానే ఉంటుంది. కానీ అందులో ఒక లోటుంది. ఆ గొట్టం లోపల ఎక్కడా నిజ ప్రతిబింబం ఏర్పడదు. వెలుతురు కిరణాలు ఒక చోట కలిసేలోపే పుటాకార కటకం వాటిని పట్టేసుకుంటుంది. కాబట్టి ఆ గొట్టంలో మీరు ఎక్కడ దారం కట్టినా అది మసకగానే ఉంటుంది, లేదా అసలు కనపడదు.

1611లో యోహానెస్ కెప్లర్ తన డయాప్ట్రిస్ అనే పుస్తకంలో ఇంకో ఏర్పాటు చెప్పాడు. రెండు వైపులా కుంభాకార కటకాలే పెట్టమన్నాడు. బొమ్మ తలకిందులవుతుంది. కానీ గొట్టం లోపల, రెండు కటకాల మధ్యన, ఒక నిజ ప్రతిబింబం ఏర్పడుతుంది. తెర పెడితే తెర మీద పడే బొమ్మ అన్నమాట. ఆ బొమ్మ ఏర్పడే తలాన్నే ఫోకల్ ప్లేన్ అంటాం. కంటి దగ్గరి కటకం చేసే పనల్లా ఆ బొమ్మని భూతద్దంలా పెద్దది చేసి చూపించడమే. ఇప్పుడు అదే తలంలో ఒక దారం కట్టారనుకోండి. కంటికి ఆ బొమ్మ, ఈ దారం ఒకే కాగితం మీద గీసినట్టు స్పష్టంగా కనిపిస్తాయి.

తమాషా ఏమిటంటే, ఆ దారాన్ని మొదట కట్టింది మనిషి కాదు. సాలీడు.

ఇంగ్లండ్‌లో లీడ్స్ పట్టణం దగ్గర మిడిల్టన్ అనే ఊళ్ళో విలియం గాస్కోయిన్ అని ఒక యువకుడు ఉండేవాడు. 1630ల చివర్లో ఆయన రెండు కుంభాకార కటకాలతో సూర్యుడి మీద ప్రయోగాలు చేస్తున్నాడు. తెరిచి ఉన్న గొట్టంలో ఒక సాలీడు దారం కట్టింది. అది కాస్తా సరిగ్గా ఫోకల్ ప్లేన్‌లో పడింది. ఆయన కన్ను పెట్టి చూస్తే, ఆకాశం మీద గీసినట్టు ఒక సన్నని గీత! మనలో ఇంకొకరైతే గుడ్డ పెట్టి తుడిచేసేవాళ్ళం. ఆయన తుడవలేదు, ఆలోచించాడు. గీతని ఒక గుర్తుగా వాడితే దుర్భిణి చూసే సాధనంగానే ఉండిపోదు, గురి పెట్టే సాధనం కూడా అవుతుంది. ఇంకో అడుగు ముందుకేసి, ఒక గీత బదులు స్క్రూతో దగ్గరికీ దూరానికీ జరిగే రెండు అంచులు పెడితే అది కొలిచే సాధనం కూడా అవుతుంది. అదే మైక్రోమీటర్. దానితో ఆయన సూర్యచంద్రుల వ్యాసాలు కొలిచాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి. గురి, కొలత, ఈ రెండు పనులూ ఒకే గీతకి మొదటి రోజు నుంచే అంటుకున్నాయి. తర్వాత మూడు వందల ఏళ్ళకి తగాదా వచ్చింది ఈ రెండింటి మధ్యనే.

గాస్కోయిన్ తన పనిని పుస్తకంగా వేయలేదు. స్నేహితులకి ఉత్తరాలు రాశాడు, అంతే. ఇంగ్లండ్‌లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం వచ్చింది. ఆయన రాజు పక్షం. 1644 జులై 2న మార్స్టన్ మూర్ యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ముప్పై రెండేళ్ళు ఉంటాయేమో. రెండు దశాబ్దాలు గడిచాక ఫ్రాన్స్‌లో ఆద్రియాన్ ఓజూ, ఝాన్ పికార్ మైక్రోమీటర్ తయారుచేసి మాదే కొత్తది అన్నారు. 1667లో రిచర్డ్ టౌన్లీ అనే ఇంగ్లీషాయన, "కాదు, మా గాస్కోయిన్ ఇది ముందే చేశాడు" అని రాయల్ సొసైటీకి రాసి ఆ సాధనాన్ని చూపించాడు. లేకపోతే ఈ పేరు మనదాకా వచ్చేదే కాదు.

ఆ తర్వాత రెండు వందల ఏళ్ళు ఈ గీత ఎక్కువగా ఉన్నది ఖగోళంలో, సర్వేలో. ఇక్కడ మన హైదరాబాద్ కూడా వస్తుంది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర బేస్‌లైన్ కొలిచి మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే గురించి మీకు తెలుసు. ఆయన వాడిన పెద్ద థియోడలైట్ బరువు అర టన్ను. 1808లో తంజావూరు గుడి గోపురం మీదకి లాగుతుంటే తాడు తెగి అది గోపురానికి కొట్టుకుంది. ఆయన గుడారంలో కూర్చుని వారాల తరబడి దాన్ని చేత్తో బాగుచేసుకున్నాడు. తర్వాత సర్వే నిజాం రాజ్యంలోకి వచ్చింది. 1818లో సహాయకుడిగా నియమితుడైన జార్జ్ ఎవరెస్ట్, కృష్ణా గోదావరి మధ్య అడవుల్లో జ్వరం తగిలి, గాలి మార్పుకి కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఇంత కష్టం దేనికండీ? దూరాన కొండ మీద కనిపించే ఒక చిన్న గుర్తు మీద నిలువుగీతని నిలబెట్టడానికి. ఆ గీత వెంట్రుకవాసి పక్కకి జరిగితే దేశం కొలత తప్పుతుంది.

ఆ రోజుల్లో గీత అంటే చాలాసార్లు నిజంగా సాలెగూటి దారమే. పాత సర్వే పుస్తకాల్లో ఉంటుంది ఇది. సాలీడుని పట్టుకుని, దాని దారాన్ని పంగలాంటి తీగకి చుట్టి దాచుకుని, తెగినప్పుడు డయాఫ్రమ్ అనే ఇత్తడి రింగు మీద గాట్లలో పెట్టి లక్కతో అంటించేవాళ్ళు. అంత సన్నగా, అంత గట్టిగా, అంత సమానంగా మనిషి చేసిన దారం అప్పట్లో లేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి కూడా అమెరికాలో నాన్ సాంగర్ అనే ఆవిడ కాలిఫోర్నియాలో సాలీళ్ళని పెంచి, దారం తీసి, ఇలాంటి పరికరాల కోసం అమ్మేది. బ్లాక్ విడో లాంటి విషపు సాలీళ్ళు కూడా ఆవిడ దగ్గర ఉండేవి.

సర్వేలో గీత ఇంకో విద్య కూడా నేర్చుకుంది. మధ్య గీతకి పైనొకటి, కిందొకటి చిన్న గీతలు. వాటి మధ్య స్టాఫ్ ఎంత పొడవు పడిందో చూసి వందతో గుణిస్తే దూరం వచ్చేస్తుంది. స్టేడియా అంటారు. డిప్లొమా చదివినవాళ్ళకి ఆ "వంద" గుర్తుండే ఉంటుంది. ఆవిరి యంత్రం జేమ్స్ వాట్ 1771 ప్రాంతంలో స్కాట్లాండ్‌లో కాలవల సర్వేకి ఇలాంటిదే వాడాడు. ఇది పనిచేయడానికి ఒక షరతు ఉంది: దుర్భిణిలో బొమ్మ సైజుకీ గీతల మధ్య ఎడానికీ ఉన్న నిష్పత్తి మారకూడదు. సర్వే దుర్భిణిలో జూమ్ లేదు కాబట్టి ఆ షరతు ఎవరికీ గుర్తు చేయాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు రైఫిల్ దగ్గరికి వద్దాం. రైఫిల్ మీద దుర్భిణి ఎక్కించినవాళ్ళలో ముందువరసలో ఉన్నది ఎవరో తెలుసా? జాన్ ఆర్. చాప్‌మన్ అనే సివిల్ ఇంజనీరు! అమెరికాలో యూటికా పట్టణంలో మోర్గన్ జేమ్స్ అనే తుపాకుల పనివాడితో కలిసి పొడవాటి గొట్టపు స్కోపు చేయించాడు. 1840లలో దాని గురించి పుస్తకం రాశాడు. సర్వేలో ఉన్న గీత తుపాకి మీదకి ఇలా నడిచి వచ్చింది. 1855లో సిరక్యూస్‌లో విలియం మాల్కమ్ ఇంకా మెరుగైన కటకాలతో స్కోపులు చేయడం మొదలుపెట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో షార్ప్‌షూటర్లు వాడింది ఇలాంటివే. గొట్టం తుపాకి అంత పొడవు. గురి సరిచేయాలంటే బయట స్క్రూలు తిప్పి గొట్టాన్నే వంచాలి. లోపలి గీత జోలికి ఎవరూ పోరు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి కెప్లర్, గెలీలియో తేడా కందకాల్లో తేలింది. జర్మన్లకి కటకాల పరిశ్రమ ఉంది. గొట్టం లోపల ప్రతిబింబం, దాని మీద రెటికిల్, అంటే గురిగుర్తు, ఉన్న మంచి స్కోపులు వాళ్ళ దగ్గర ఉన్నాయి. బ్రిటిష్ వాళ్ళు 1915లో తొందరగా దొరికాయని గెలీలియో రకం సైట్లు కొన్ని తీసుకున్నారు. ముందొక కటకం, కంటి దగ్గరొక కటకం, మధ్యలో గొట్టం కూడా లేదు. లోపల ప్రతిబింబం లేదు కాబట్టి లోపల గీత పెట్టే చోటూ లేదు. చూపు ఇరుకు, వాన పడితే అంతే సంగతులు. గీత పెట్టడానికి ఒక చోటు ఉండటం కూడా ఎంత భాగ్యమో అప్పుడు తెలిసొచ్చింది.

ఇక అసలు చిక్కు. రైఫిల్ స్కోపులో తలకిందుల బొమ్మ పనికిరాదు కదా. కాబట్టి మధ్యలో ఇంకో జత కటకాలు పెడతారు. వాటిని ఇరెక్టర్ కటకాలు అంటారు. అవి తలకిందుల బొమ్మని తీసుకుని నిటారు బొమ్మగా ఇంకో చోట వేస్తాయి. అంటే ఇప్పుడు గొట్టంలో ప్రతిబింబం రెండు చోట్ల ఏర్పడుతుంది. ముందు కటకం వెనకాల ఒకటి, అది మొదటి ఫోకల్ ప్లేన్. ఇరెక్టర్ దాటాక, కంటి కటకానికి ముందు ఇంకొకటి, అది రెండో ఫోకల్ ప్లేన్. గీతని రెండింట్లో ఎక్కడ పెట్టినా స్పష్టంగానే కనపడుతుంది. జూమ్ లేనంతకాలం ఎక్కడ పెట్టినా ఒకటే.

1920లలో జర్మనీలో జైస్ కంపెనీ జూమ్ ఉన్న స్కోపు తెచ్చింది. రింగు తిప్పితే లోపల ఇరెక్టర్ కటకాలు ముందుకీ వెనక్కీ జరుగుతాయి, బొమ్మ పెద్దదీ చిన్నదీ అవుతుంది. అంటే జూమ్ జరిగేది సరిగ్గా ఆ రెండు తలాల మధ్యన. ఇప్పుడు గీత జూమ్‌కి ముందు ఉందా, వెనక ఉందా అన్నది పెద్ద ప్రశ్న అయిపోయింది.

దీన్ని మీ ఫోన్‌తో చెప్తాను, సులువుగా అర్థమవుతుంది. ఒక చేప పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశారు. ఫోన్‌లో ఆ ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేయండి. చేప పెద్దదవుతుంది, స్కేలూ పెద్దదవుతుంది. చేప పది అంగుళాలుంటే ఎంత జూమ్ చేసినా స్కేలు పది అంగుళాలే చూపిస్తుంది. గీత మొదటి ఫోకల్ ప్లేన్‌లో ఉంటే ఇదే జరుగుతుంది. ఇప్పుడు స్కేలు లేని ఫోటో తెరిచి, ఫోన్ అద్దం మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీయండి. జూమ్ చేస్తే చేప పెరుగుతుంది, అద్దం మీద గీత మాత్రం కదలదు. ఒక జూమ్‌లో రెండు గీతల మధ్య చేప తల పడుతుంది, ఇంకో జూమ్‌లో చేప మొత్తం పడుతుంది. ఇది రెండో ఫోకల్ ప్లేన్.

"అయితే మొదటిదే మంచిది కదా, రెండోది ఎందుకు పెట్టారు?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. యూరప్ వాళ్ళు చాలాకాలం మొదటిదే పెట్టారు. అక్కడి వేట సంధ్య చీకట్లో, అడవిపంది మీద. లావుపాటి గీతలు వాళ్ళకి ఇబ్బంది కాదు, పైగా చీకట్లో అవే కనిపించేవి. అమెరికా వేటగాడి లెక్క వేరు. పచ్చిక మైదానాల్లో, పగటి వెలుగులో, దూరాన ఉన్న చిన్న జంతువు. 9 రెట్లకి పెంచింది చిన్న గుర్తు మీద గురి పెట్టడానికి. మొదటి ప్లేన్‌లో గీత జంతువుతో పాటు మూడింతలు లావుగా కనిపిస్తుంది. నిజానికి అది జంతువు మీద కప్పే భాగం పెరగలేదు, 3 రెట్ల దగ్గర ఎంతో 9 దగ్గరా అంతే. కానీ పెంచిన లాభమూ రాలేదు! రెండో ప్లేన్‌లో అయితే 9 రెట్ల దగ్గర గీత కప్పే భాగం మూడో వంతుకి తగ్గిపోతుంది. గురి సన్నబడుతుంది. తగ్గించినప్పుడు మొదటి ప్లేన్ గీత సాలెదారంలా సన్నమైపోయి, పొదల్లో కనపడకుండా పోతుంది. రెండో దాంట్లో ఆ బాధా లేదు.

అందుకే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో జూమ్ స్కోపులు జనంలోకి వచ్చేకొద్దీ గీత వెనక్కి, రెండో ప్లేన్‌కి జరిగింది. 1962లో ల్యూపోల్డ్ కంపెనీ డ్యూప్లెక్స్ అని ఒక రెటికిల్ తెచ్చింది. అంచుల్లో లావు, మధ్యలో సన్నం. చీకటికి లావు, గురికి సన్నం. అది ఎంత నచ్చిందంటే వేట స్కోపు అంటే జనానికి ఆ ఆకారమే గుర్తొచ్చేది. గీత అంటే గురి మాత్రమే అన్నంతకాలం ఈ ఏర్పాటులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

ఒక చిన్న లోపం మాత్రం ఉంది. జూమ్ రింగు తిప్పినప్పుడు లోపలి కటకాలు రవ్వంత పక్కకి జరిగితే? గీత మొదటి ప్లేన్‌లో ఉంటే బొమ్మా గీతా రెండూ కలిసి జరుగుతాయి, గురి తప్పదు. రెండో ప్లేన్‌లో ఉంటే బొమ్మ ఒక్కటే జరుగుతుంది, గీత ఉన్నచోటే ఉంటుంది. గుండు పడే చోటు మారుతుంది. పనితనం బాగుంటే ఈ తేడా లెక్కలోకి రాదు, పనితనం లేకపోతే వస్తుంది.

తర్వాత కొలత తిరిగొచ్చింది. 1966లో వియత్నాం యుద్ధం కోసం అమెరికా మెరైన్లు తీసుకున్న ఎం40 రైఫిల్ మీద రెడ్‌ఫీల్డ్ కంపెనీ 3-9 జూమ్ స్కోపు ఉండేది. అందులో రెండు అడ్డ స్టేడియా గీతలు. 18 అంగుళాల ఎత్తున్న దాన్ని ఆ రెండు గీతల మధ్య సరిగ్గా ఇమిడేదాకా జూమ్ రింగు తిప్పాలి. అప్పుడు లోపల కనిపించే చిన్న స్కేలు మీద దూరం చదువుకోవాలి. ఆలోచన చూడండి! గీతలు కదలకుండా బొమ్మ పెరుగుతుందనే లోపాన్నే కొలతగా మార్చుకున్నారు. ఎంత జూమ్ కావాల్సి వచ్చిందన్నదే దూరం. కానీ ఆ స్కేలు ప్లాస్టిక్‌ది. స్కోపు సూర్యుడి వైపు తిరిగితే లోపల ఎండ పోగయ్యి అది కరిగిపోయేది. భూతద్దంతో కాగితం కాల్చిన పిల్లవాడికి ఎవరికైనా తెలిసిన విషయమే. గాస్కోయిన్ సాలెదారం సూర్యుణ్ణి చూస్తూ నిలబడింది, మూడు వందల ఏళ్ళ తర్వాత ప్లాస్టిక్ కరిగిపోయింది.

వియత్నాం తర్వాత మెరైన్లు మిల్-డాట్ రెటికిల్ పట్టుకున్నారు. గీతల మీద వరసగా చుక్కలు. చుక్కకీ చుక్కకీ మధ్య ఒక మిల్. మిల్ అంటే వెయ్యి మీటర్ల దూరంలో ఒక మీటరు కనిపించే కోణం. లెక్క చిన్నది: వస్తువు ఎత్తు మీటర్లలో తీసుకుని వెయ్యితో గుణించి, ఎన్ని మిల్లులు పట్టిందో దానితో భాగించాలి. ఒక మీటరు వస్తువు 2 మిల్లులు పట్టిందంటే 500 మీటర్ల దూరంలో ఉన్నట్టు. వాళ్ళు దీన్ని పెట్టింది జూమ్ లేని, 10 రెట్ల అన్‌ఎర్టిల్ స్కోపులో. జూమ్ లేదు, గీత ఎక్కడ ఉందనే ప్రశ్నా లేదు. మా సర్వే దుర్భిణి పద్ధతే.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఇవే చుక్కల్ని జూమ్ స్కోపుల్లో, అదీ రెండో ప్లేన్‌లో పెట్టి మార్కెట్లోకి వదిలినప్పుడు. ఆ చుక్కల కొలత ఒక్క జూమ్ దగ్గరే నిజం. మామూలుగా అన్నిటికన్నా పెద్ద అంకె దగ్గర. దాన్ని సగానికి తగ్గిస్తే చుక్కకీ చుక్కకీ మధ్య ఒకటి కాదు, రెండు మిల్లులు. ఇందాకటి మీటరు వస్తువు ఇప్పుడు ఒక్క చుక్క ఎడంలోనే ఇమిడిపోతుంది. మీరు లెక్క కడితే దూరం 1000 మీటర్లు అని వస్తుంది. అది నిజంగా ఉన్నది 500లోనే! లెక్క తప్పలేదు, కన్ను తప్పలేదు, అయినా సమాధానం రెట్టింపు తప్పు. యుద్ధంలో దీని అర్థమేమిటో చెప్పక్కర్లేదు. వేటలో అయితే ఒక జింక కాలు విరిగి, రాత్రంతా అడవిలో పడి ఉండటం. గురి సరిగ్గా పెట్టాను అనుకున్నవాడి చేతిలో జరిగే పని అది.

అందుకే దూరాలు కొలిచే పనివాళ్ళు మళ్ళీ మొదటి ప్లేన్‌కి వచ్చారు. 2000 దశకంలో మెరైన్ స్నైపర్లు పాత 10 రెట్ల స్కోపు తీసేసి జర్మనీ ష్మిట్ అండ్ బెండర్ కంపెనీ 3-12 జూమ్ స్కోపు తీసుకున్నారు. గీత మొదటి ప్లేన్‌లో. 2020లో మామూలు పదాతి సైనికుల కోసం ఎంచుకున్న 1-8 జూమ్ స్కోపులోనూ గీత మొదటి ప్లేన్‌లోనే. ఇది సాధ్యమవడానికి ఇంకో కారణం, గీత ఇప్పుడు దారం కాదు, గాజు పలక మీద చెక్కిన గీత. గాలిలో తేలుతున్నట్టు చిన్న చిన్న అంకెలూ గుర్తులూ కూడా చెక్కొచ్చు. లావు సన్నాల పాత గొడవ చాలావరకు తీరింది. ఇటు యూరప్ వేట స్కోపులు చాలావరకు రెండో ప్లేన్‌కి వెళ్ళిపోయాయి, మధ్యలో వెలిగే ఎర్రచుక్కతో. అమెరికా, యూరప్ ఒకరి చోటు ఒకరు మార్చుకున్నట్టయింది!

ఇందులో ఎవరిది ఒప్పు అని అడిగితే నా సమాధానం ఇది. గీతతో గురి ఒక్కటే పెట్టేవాడికి రెండో ప్లేన్ చాలు, చాలాసార్లు అదే మేలు. గీతతో కొలిచేవాడికి మొదటి ప్లేన్ కావాలి. లేదా జూమ్ ఎక్కడ ఉందో ప్రతిసారీ చూసుకునే అలవాటు కావాలి. గాస్కోయిన్ రోజు నుంచి గీత ఈ రెండు పనులూ చేస్తోంది. జూమ్ వచ్చాక మాత్రం రెండు పనులకీ రెండు చోట్లు అయ్యాయి.

ఇప్పుడు మన డల్లాస్ తమ్ముడి లెక్క. బాబూ, మీ స్కోపు 4-16, గీత రెండో ప్లేన్‌లో, కొలత 16 దగ్గర నిజం. 8 మీద పెడితే మీరు 2 మిల్ అనుకున్న గీత 4 మిల్ అయిపోయింది. తుపాకి 2 మిల్లులు ఎక్కువ పైకి లేచింది. 400 గజాల్లో 2 మిల్ అంటే సుమారు 73 సెంటీమీటర్లు. మీ గుండు టార్గెట్ మీద నుంచి పోవడంలో వింతేముంది? మధ్య గీతతో మాత్రం ఏ జూమ్ దగ్గరైనా నిశ్చింతగా కొట్టుకోవచ్చు. మధ్య బిందువుకి జూమ్‌తో గొడవ లేదు, దాని చుట్టూ ఉన్న గుర్తులతోనే గొడవ. మిగతా గీతలు వాడాలంటే 16 మీదే ఉంచండి. 8 మీద వాడాలంటే ప్రతి గీతనీ రెట్టింపుగా లెక్కపెట్టుకోండి.

ఏ స్కోపులో ఏది ఉందో తెలుసుకోవడానికి కొట్టువాణ్ణి అడగక్కర్లేదు. తుపాకికి ఎక్కించకుండానే చూడొచ్చు. దూరాన ఒక కరెంటు స్తంభం మీదకి తిప్పి, కన్ను పెట్టి, జూమ్ రింగు నెమ్మదిగా తిప్పండి. స్తంభంతో పాటు గీత కూడా పెరిగితే మొదటి ప్లేన్. స్తంభం ఒక్కటే పెరిగి గీత అలాగే ఉంటే రెండోది. అర నిమిషం పని. ఆ అర నిమిషం ఎవరూ చెప్పకపోవడం వల్ల మీరు ఎన్ని తూటాలు వృథా చేశారో, ఎన్నిసార్లు మీ చేతినే అనుమానించుకున్నారో నాకు తెలుసు. ఎందుకంటే నేను కూడా ఒక రోజంతా నా లెక్కని అనుమానించాను. తప్పు లెక్కలో లేదు, గీత ఉన్న చోటులో ఉంది.

మా సార్ ఇప్పుడు లేరు. ఉంటే ఈ వీడియో చూసి, "ఇంత పొడుగు ఎందుకురా, నేను ఒక్క ముక్కలో చెప్పాను కదా" అనేవారు. నిజమే సార్. కానీ ఆ ముక్క వెనక ఇంత మంది ఉన్నారని నాకు తెలియడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

మీకూ ఇలాంటి ప్రశ్నలుంటే రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.